చెరి రెండు టైర్లు

"నీ టైర్లు నువ్వు తీస్కపో."

"తీస్కపోత తియ్. నువ్వు జెప్పేదాంక ఉంటనా?"

నా భర్తా, నా తమ్ముడూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న చివరి మాటలివి. మొదటిది మా ఆయనది, రెండోది తమ్ముడిది. నేను బియ్యం చెరుగుతూ అక్కడే ఉన్నాను. ఒక్క కంచంలో తిన్నట్టు తిరిగిన బావా బామ్మర్దులు, పోయేముందు చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి మాట దొరకలేదా?

నిన్న మా మేనకోడలి స్కూటరు మెట్టుగూడ దగ్గర పంక్చరయింది. పంక్చరు కొట్టు ముందు బల్ల మీద నన్ను కూర్చోబెట్టి తను ఫోనులో పడింది. కొట్టువాడు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వెతికాడు, గీకాడు, సొల్యూషను పూశాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదని చెప్పను? ఒకాయన పోయాడు, ఇంకొకడు ఉన్నాడు. ఇంటికి రాగానే ఈ పిల్లను కూర్చోబెట్టి "రాయవే" అన్నాను. నా చదువు సంతకం వరకూ, బస్సు నంబరు వరకూ. ఈ పిల్ల బడిలో తెలుగు చెబుతుంది. నేను "వచ్చిండు" అంటే "వచ్చాడు" అని రాస్తుంది. రాసుకోనీ. భాష దిద్దుకో, కోపం మాత్రం దిద్దొద్దు అని ముందే చెప్పాను.

మా ఆయన లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. తమ్ముడికి రెజిమెంటల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. వాడు నిక్కర్లు తొడిగే వయసులో మా అమ్మ పోయింది. నాన్న అంతకుముందే పోయాడు. నా పెళ్లయ్యాక వాడూ నా వెంటే వచ్చి మా ఇంట్లోనే పెరిగాడు. అందరికీ పుట్టిల్లంటే ఒక ఊరు, ఒక వాకిలి ఉంటాయి. నాకు పుట్టిల్లంటే వీడొక్కడే. వీడు నా గడప తొక్కితే పుట్టిల్లు ఉన్నట్టు, తొక్కకపోతే లేనట్టు. ఇది ఆ ఇద్దరికీ తెలుసు. తెలిసే చేశారు.

కారు సంగతికి వస్తాను. బదిలీ మీద పోతున్న ఒక మిలిటరీ ఆఫీసరు తన పాత రేసు కారును అమ్మేస్తున్నాడని తెలిసి, వీళ్లిద్దరూ సగం సగం వేసుకుని కొన్నారు. ఆకుపచ్చ రంగు, గుడ్డ టాపు, సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలు. నేల మీద పాకుతున్నట్టు ఉండేది. కూర్చోవాలంటే అందులో పడాలి, లేవాలంటే ఎవరైనా చెయ్యిచ్చి లాగాలి. మా గల్లీ వాళ్లు దానికి కప్ప కారు అని పేరు పెట్టారు. సీట్లు రెండే. ఒకటి ఆయనది, ఒకటి తమ్ముడిది. నేను గేటు దగ్గర నిలబడి పొగ పీల్చేదాన్ని. తమ్ముడి ఇంటి సందులో పట్టదని అది మా వాకిట్లోనే ఉండేది. బట్టలారేసే జాగా దానికి పోయింది.

టైర్లు వచ్చినప్పుడే ముసలివి. రెండు మూడేళ్లలో గుండు గీసినట్టు నున్నగా అయ్యాయి. పక్కలు చలికాలంలో నా మడమల్లా పగిలాయి. ఒక రోజు లోపలి దారాలు బయటికొచ్చాయి. మార్చక తప్పదు. ఆ సైజు టైర్లు ఇక్కడ దొరకవని దుకాణం దుకాణంలో చెప్పారు. టాక్సీ టైర్లు పట్టిస్తాను, నడిచిపోతుంది అన్నాడు ఒకాయన. బావా బామ్మర్దులిద్దరికీ ఒకేసారి రోషం వచ్చింది.

"రేసు గుర్రానికి జట్కా గుర్రం నాడాలు కొడ్తరా?" అని దుకాణం దిగొచ్చారట. వచ్చి ఆ మాట నాకు చెప్పి చెప్పి నవ్వారు. ఆ టైర్ల విషయంలో ఇద్దరూ కలిసి నవ్వింది అదొక్కసారే.

మా ఆయన పట్టు ఏమిటంటే, పుట్టినప్పుడు ఏ టైర్లున్నాయో అవే రకం వేయాలి. సన్నగా, ఎత్తుగా ఉండే నైలాన్ టైర్లు. తమ్ముడి పట్టు రేడియల్ టైర్ల మీద. అప్పుడప్పుడే వస్తున్నాయవి. వెడల్పు, మెత్తటి రబ్బరు, రోడ్డును పిల్లి గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుంటాయట. ఆ ఎండాకాలమంతా నా ఇంట్లో ఇదే రామాయణం. ఆదివారం అన్నానికి కూర్చుంటే పప్పులో వేలితో టైరు బొమ్మలు గీసేవారు. అన్నం చల్లారేది, నేను మండేదాన్ని.

"బావా, నీ నైలాన్ టైర్లు ఎడ్లబండికి మస్తుంటయి. రేసు కారుకెందుకు?"

"నీ ఎడల్పు టైర్లు మలుపుల మడ్గార్డుకు రాస్కుంటయ్ రా. ఎక్కినకాడికెళ్లి దిగేదాంక గర్రు గర్రుమంటయి, అచ్చం మీ అత్త లెక్క."

"నడిమిట్ల మా అత్తేం జేసింది నీకు?"

"నాకేం జెయ్యలే. నిన్ను జేసింది సాలదా?"

తమ్ముడు ఎక్కడినుంచో పాత రేడియల్ ముక్క తెచ్చి, గోరు గుచ్చి చూపించేవాడు. "గోరు దిగాలె బావా, అప్పుడే పట్టు." మా ఆయన దాన్ని తిప్పి చూసి, "గోరు దిగినకాడ రోడ్డు దిగదా? ఎండాకాలం దాటకముందే అరుగుతది" అనేవాడు. నేను విసిగి, "ఏదో ఒకటి ఎయ్యుండ్రి, నాలుగు గుండ్రంగ ఉంటె సాలదా?" అంటే ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు. నాకేమీ తెలియదన్న సంగతి మీద మాత్రం వాళ్లకు ఎప్పుడూ తగాదా రాలేదు.

చివరికి తీర్పు మా అత్తమ్మ చెప్పింది. ఆమె వరండాలో మంచం మీద పడుకుని ఈ లొల్లి అంతా వినేది. ఊళ్లో నలుగురు కొడుకులకు పొలాలు, బర్రెలు పంచిన మనిషి. ఒక మధ్యాహ్నం లేచి కూర్చుని అంది.

"బండిల సగం నీది, సగం వానిది. చక్రాలు నాలుగు. చెరి రెండు ఏస్కోండ్రి. నన్ను జెర పండుకోనియ్యుండ్రి."

 పంపకం అంత న్యాయంగా ఉన్నాక ఏమంటారు? వారం తిరక్కుండా, ఒక షాపాయనతో బయటి ఊరి నుంచి తెప్పించి, ఆయన రెండు నైలాన్ టైర్లు తెచ్చాడు, తమ్ముడు రెండు రేడియల్ టైర్లు తెచ్చాడు. ఇక బిగించే రోజు చూడండి. ఎండాకాలమంతా ఇంచీ తగ్గని మనుషులకు ఆ రోజు ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చింది.

"ముందట నీవి పెట్టు రా."

"అట్లెట్ల బావా? పెద్దోనివి, ముందట నీవే ఉండాలె."

"ఇంటికొచ్చినోనివి నువ్వు. నా మాటిను."

"నిన్ను ఎన్క పెట్టి నేను ముందటుంటె అక్క ఊకుంటదా?"

నేను ఊరుకునే ఉన్నాను. విందులో కొసరి వడ్డించుకున్నట్టు అరగంట సేపు ఆ ముందు చక్రాలను ఒకరి విస్తట్లో ఒకరు వేసుకున్నారు. ఆఖరికి తమ్ముడు తలొగ్గాడు. వాడి రేడియల్ టైర్లు ముందుకు, మా ఆయన నైలాన్ టైర్లు వెనక్కి. నాలుగింటి కిందా నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇద్దరూ దర్జాగా బయల్దేరారు.

తొలకరి పడ్డ రోజు ఆలుగడ్డ బావి బ్రిడ్జి దగ్గర, మలుపులో, ముందు చక్రాలు రోడ్డును పట్టుకున్నాయి, వెనక చక్రాలు పట్టుకోలేదు. కారు తోక తిప్పింది. గిర్రున తిరిగి, గోడకు వెనకభాగం కొట్టుకుని, మా ఇంటి వైపు మూతి పెట్టి ఆగింది. దేవుడి దయ, మా ఆయన నుదుటి మీద బొప్పి తప్ప ఇంకేమీ కాలేదు. జనం నెట్టుకొచ్చి వాకిట్లో పెట్టారు. బొప్పికి పసుపు రాద్దామంటే మనిషి ఒక చోట నిలబడితేగా! నీ వెనకవి జారినయని వాడు, నీ ముందటివి గుంజినయని ఈయన. టైర్లమ్మిన షాపాయన్ని పిలిపించారు. ఆయన వంగి ముందు చూసి, వెనక చూసి, నోరు తెరిచాడు.

"అవి నాలుగేస్తె అవి బాగుంటుండె, ఇవి నాలుగేస్తె ఇవి బాగుంటుండె. కలిపి ఎట్లేసిండ్రు సాబ్?"

అంటే ఇద్దరి మాటా రైటే. పోనీలే, లొల్లి ముగిసిందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! ఒకడిది తప్పయితే వాడు తల వంచుకుంటాడు, ఇంకొకడు క్షమిస్తాడు, అన్నం తింటారు. ఇద్దరిదీ రైటే అయితే తగ్గేదెవరు? అప్పుడే ఆ చివరి మాటలు అనుకున్నారు. తమ్ముడు మరునాడే జాకీ తెచ్చి తన రెండు టైర్లూ విప్పుకుపోయాడు. ముందు చక్రాల చోట ఇటుకలు పేర్చి పోవడం మాత్రం మరిచిపోలేదు.

ఆ తర్వాత ఏళ్లకేళ్లు నేనే వాళ్ల పోస్టుమ్యాను. నేను దుకాణానికి పోతే, "బావకు షుగర్ ఎట్లుందక్కా?" అనేవాడు. నువ్వే వచ్చి అడగరాదూ అంటే, "రమ్మనమను" అనేవాడు. ఇంటికొచ్చి చెబితే, "రావద్దని నేనెప్పుడన్న?" అని ఈయన. రమ్మని ఆయన అనడు, అనందే వీడు రాడు. ఇద్దరికీ చాకిరీ చేసే కాళ్లు నావి.

దసరా రోజు మా దగ్గర ఒకరి చేతిలో ఒకరు జమ్మి ఆకు పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకు మొక్కుతారు. పగవాళ్లు కూడా ఆ పూట మాట్లాడుకుంటారు. ఒక దసరాకు మా ఆయన సాయంత్రం కొత్త చొక్కా తొడిగి, గుప్పిట్లో జమ్మి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. గల్లీ చివర తమ్ముడి స్కూటరు ఆగింది. ఇంజను ఆపలేదు.

"పిలువుండ్రి" అన్నాను వెనకనుంచి.

"చిన్నోడు గదా, రానీ."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీ చివరికి పోయాను. "పొయ్యి మొక్కు రా" అన్నాను. "పెద్దోడు గదా అక్కా, ఒక్కసారి పిల్వనీ" అన్నాడు. మళ్లీ గేటుకి, మళ్లీ చివరికి. జమ్మి ఆకు గుప్పిట్లోనే వాడిపోయింది. స్కూటరు తిరిగిపోయింది. ఇద్దరినీ చెరొక చెవి పట్టుకుని ఈడ్చుకురావాలనిపించింది, కానీ ఒకరికి నేను పెళ్లాన్ని, ఒకరికి అక్కని.

మళ్లీ దసరా రాలేదు ఆయనకు. గుండె పట్టుకుని కూలబడ్డ మనిషి ఆసుపత్రి మెట్లు కూడా చూడలేదు. తమ్ముడు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, ఆయన తల దగ్గర కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లూ దాచుకున్నదంతా. దుకాణం పక్కన కొత్త దుకాణం పడిందని, బిడ్డకు బడిలో ఉద్యోగం వచ్చిందని, మోకాలి నొప్పి షురూ అయిందని. వినేవాళ్లంతా కళ్లొత్తుకున్నారు. నాకు మాత్రం వాణ్ని లేపి బయటికి గెంటాలనిపించింది. ఇన్ని మాటలు కడుపులో పెట్టుకుని గల్లీ చివర్నించి తిరిగిపోయావు కదరా!

కర్మలయ్యేదాకా వాడితో మాట్లాడలేదు. దుఃఖం అనుకున్నారు అందరూ. చుట్టాలు వెళ్లిపోయిన రోజు వాడు ఇంటికీ పోలేదు, లోపలికీ రాలేదు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నేను పిలుస్తానని వాడు, వాడే వస్తాడని నేను. అలా ఎంతసేపు ఉన్నానో, ఒక్కసారిగా నాకే భయమేసింది. గరిటె పట్టుకునే బయటికొచ్చాను.

"తిన్నవా?"

బోరుమంటాడనుకున్నాను. కాళ్ల మీద పడతాడనుకున్నాను. వాడు తలెత్తి, "ఏం కూరక్కా?" అన్నాడు.

బీరకాయ అన్నాను పళ్లు నూరుతూ. వచ్చి కూర్చుని, ముద్ద కలిపి, ఉప్పు తక్కువైందన్నాడు. ఇంత ఉప్పు తెచ్చి కంచంలో కొట్టాను. అదీ కలుపుకుని తిన్నాడు. కారును తర్వాత ఎవరో వచ్చి పట్టుకుపోయారు. ఏ టైర్లు వేశారో వాడు అడగలేదు, నేనూ అడగలేదు.

మాట కలవడానికి పట్టింది ఒక కంచం కడుక్కొచ్చేంత సేపు. ఆ కాస్త పనికి, ముందు ఎదుటివాడే కదలాలని వాళ్లిద్దరూ ఆగారు. ఏళ్లు మాత్రం ఎవరు ముందు, ఎవరు వెనక అని చూసుకోకుండా పోయాయి.

ఇగ సాలు బిడ్డా. మొదటికెళ్లి సదువు, వింట. మీ నాయన ఆ అర్రల పండుకున్నట్టు జేస్తుండు, జెర గట్టిగ సదువు.