సెట్టమ్మ ఒక్క మాట

ఆ ఇంటి అత్తగారికి తెలుగు రాక కాదు. తిట్టాలనుకుంటే, అన్న మాట మళ్లీ అనకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరినీ ఉతికి ఆరేయగలదు. మామూలు సంసారానికి మాత్రం ఆవిడకు ఒక్క ఇంగ్లీషు ముక్క చాలు. ఆ ముక్క "సెట్". కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడగాలంటే "సెట్టా?" గడియ పడిందా అంటే "సెట్టా?" జ్వరం దిగిందా, కొత్త చెప్పులు కరుస్తున్నాయా, పక్కింటి మొగుడూ పెళ్లాల పోట్లాట సద్దుమణిగిందా, అన్నిటికీ అదే. వీధివాళ్లు ఆవిడకు సెట్టమ్మ అని పేరు పెట్టేశారు. కొరియర్ వాళ్లు కూడా ఆ పేరే చెప్పి ఇల్లు అడిగేవాళ్లు.

ఆవిడ పని కట్టుడు పళ్లు చేయడం. ముందుగదే ల్యాబు. బల్ల మీద నోటి అచ్చులు, ప్లాస్టర్ గిన్నె, మైనం, సన్నటి ఆకురాళ్లు. అరలో వరసగా ఉన్న పళ్ల సెట్లు వచ్చిపోయేవాళ్లందర్నీ చూసి నవ్వుతూ ఉండేవి. ఆ పనిలో ప్లాస్టర్ గట్టిపడితే సెట్టయినట్టు. మైనంలో పళ్లు వరసగా గుచ్చితే సెట్ చేసినట్టు. పైవీ కిందవీ కలిపితే ఒక సెట్టు. అది నోటికి కుదిరితే మళ్లీ సెట్టు. పనిలో మాట మెల్లగా వంటింట్లోకి పాకిందని సొంత కొడుకు కూడా అనుకునేవాడు.

కొత్తగా వచ్చిన కోడలికి ఇది మింగుడుపడలేదు. ఆమె ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. గీత వెంట్రుకవాసి పక్కకి పోతే ఆ పూట ఆమెకు అన్నం సహించదు. అలాంటి పిల్ల కాపురానికి వచ్చిన రోజే తన బీరువా ఎక్కడ పెట్టాలని అడిగింది.

"ఆ మూల సెట్ చెయ్యమ్మాయ్."

"గోడకి ఆనించమంటారా, కాస్త ఎడం ఉంచమంటారా అత్తయ్యా?"

"సెట్‌గా పెట్టు."

"సెట్ అంటే ఎంత?"

"ఎంతేమిటి? సెట్ అంటే సెట్టే!"

పేపరు చదువుతున్న మామగారు తల కూడా ఎత్తకుండా "సెట్," అన్నారు. ఆయన పేపరు చదివితే ఇంటిల్లిపాదీ చదివినట్టే. మొదటి పేజీ నుంచి సంతాప ప్రకటనల దాకా అన్నీ గొంతెత్తి చదివి, ప్రతి వార్త మీదా ఉపన్యాసం ఇచ్చే మనిషి. భార్య "సెట్టా?" అంటే మాత్రం ఎంత పెద్ద ఉపన్యాసమైనా ఆపి "సెట్" అనేవారు.

కోడలు మొగుడికి మొరపెట్టుకుంది. అతను ఫోన్‌లో నిఘంటువు తెరిచి, ఆ మాటకున్న అర్థాలు పైకి తోస్తూ తోస్తూ వేలు నొప్పెట్టి ఆపేశాడు. "ఇంత పొడుగుందిగానీ, మా అమ్మ వాడేవాటిలో సగం ఇందులో లేవు," అన్నాడు గర్వంగా.

ఒకరోజు అత్తగారు ఫోన్‌లో ఎవరితోనో అంటోంది: "పై సెట్టు కింది సెట్టుకి సెట్టవట్లేదా? సరే పంపు. ఇవాళ పోసింది సెట్టయ్యాక నీది సెట్ చేస్తా. రేపటికి సెట్టేగా?" కోడలు చెవులు మూసుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఓ ఆదివారం ఉదయం కోడలు స్నానానికి వెళ్లినప్పుడు ఆమె తల్లి ఫోన్ చేసింది. అత్తగారి రెండు చేతులూ ప్లాస్టర్‌లో ఉన్నాయి. మోచేత్తో స్పీకర్ నొక్కి, కళ్లు మాత్రం అచ్చు మీదే ఉంచింది.

"వదినగారూ, మా అమ్మాయి ఎలా ఉంది?" అంది అవతలి తల్లి.

ఆవిడ చెవిన పడింది "ఎలా ఉంది" ఒక్కటే. "ఇంకా సెట్ కాలేదండీ," అంది.

"అయ్యో! ఏమైంది?"

"ఏమో, ఈసారి సరుకే మంచిది రాలేదు. మెత్తగా ఉందనుకుంటే ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. ఇంకాసేపు చూస్తా. కుదరకపోతే తీసి అవతల పారేసి కొత్తది తెచ్చుకుంటాం. మాకిది అలవాటేలెండి."

అవతల ఫోన్ ఠక్కున పెట్టేశారు. మధ్యాహ్నం భోజనాలవేళకి కోడలి అమ్మా నాన్నా ఆటో దిగారు. తల్లి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. తండ్రి చేతిలో కూతురి సామాను పట్టుకెళ్లడానికి ఖాళీ పెట్టె ఉంది. సంగతి విడమరిచి చెప్పి, పగిలిన అచ్చు చూపించి, వాళ్లను నమ్మించేసరికి అందరి తల ప్రాణం తోకకొచ్చింది.

వాళ్లను సాగనంపి కోడలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అత్తయ్యా, ఈ ఇంట్లో ఇక ఆ మాట వినబడకూడదు."

"ఏ మాట?"

"మీకు తెలుసు."

వియ్యపురాలి ఉబ్బిన కళ్లు ఇంకా ఆవిడ మనసులోంచి పోలేదు. "సరే. మాటిస్తున్నా. మళ్లీ నువ్వే అనమనేదాకా అనను," అంది. ఆవిడ మాటిస్తే రాయి మీద గీతే. పని దగ్గర కూడా అంతే. పన్ను వంకర పోతే చేసిన సెట్టంతా విరగ్గొట్టి మొదటికొచ్చే రకం.

ఆ తర్వాత ఆ ఇల్లు చూసి తీరాల్సిందే. "ఏవండీ, కాఫీ..." అని ఆగి, కప్పు వంక అలా చూస్తూ, "సమంజసమా?" అనేది. గడియ పడిందా అనడానికి "సుస్థిరమా?" అనేది. ప్లాస్టర్‌ని "ఘనీభవించావా?" అంటుంటే కొడుకు విని గోడకానుకుని నవ్వాడు. మామగారు అలవాటుగా "సె..." అనబోయి, పేపరులో తల దూర్చేవారు. కోడలు గెలిచింది. ఇల్లు ప్లాన్ గీసినంత స్పష్టంగా తయారైంది.

అలాంటప్పుడు వచ్చాడు పూల మార్కెట్లో వేలంపాట నడిపే పెద్దాయన. ఆయన గొంతు లేస్తే మార్కెట్ అవతలి రోడ్డు మీద బస్సు డ్రైవరు బ్రేకు వేస్తాడని ప్రతీతి. చిగుళ్ల జబ్బుతో ఉన్న పళ్లన్నీ తీయించుకుని, సెట్టమ్మ చేసిన కొత్త సెట్టు పెట్టుకున్నాడు. పళ్లు పెట్టుకున్నా మాట పెగలని వాళ్లని డాక్టరు ఆవిడ దగ్గరికే పంపేవాడు. ఈయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, భార్య వెనక నక్కి నక్కి వచ్చాడు. ఆ రోజు కోడలికి సెలవు. పక్క బల్ల దగ్గర ప్లాన్ గీసుకుంటోంది.

"పెట్టుకున్న రోజు ఇంట్లోనే 'ఒకటోసారి' అని పాడి చూశాడమ్మా," అంది భార్య. "అది 'ఒకతోఛారి' అని ఈలతో సహా వచ్చింది. ఖర్మ కాలి నాకు నవ్వొచ్చింది. అంతే, ఇక నోరు విప్పలేదు. అన్నానికి పిలిచినా చెయ్యే ఊపుతాడు. సోమవారం పాటకి వెళ్లకపోతే ఎక్కి వేలం వేసే పీట ఇంకొకరికిచ్చేస్తామన్నారు. పీట పోతే ఈ మనిషి బతకడమ్మా."

అత్తగారు ఆయన నోరు చూసింది. పళ్లలో ఏ లోపమూ పెద్దగా లేదు. "ఎలా ఉందండీ? ఏదైనా అనండి," అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నొప్పా?" మళ్లీ అడ్డంగా. "కుదిరిందా?" భుజాలు ఎగరేశాడు. ఆవిడ పెదవుల దాకా ఏదో వచ్చింది. కోడలి వైపు ఒక్కసారి చూసి, దాన్ని మింగేసింది. పెద్దాయన రుమాలు అడ్డం పెట్టుకుని, వచ్చినట్టే వెళ్లిపోయాడు.

అత్తగారు బల్ల దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. కలిపిన ప్లాస్టర్ గిన్నెలోనే బిగుసుకుపోయింది. ఆవిడ ఊరికే కూర్చోవడం కోడలు ఎన్నడూ చూడలేదు.

"అత్తయ్యకి ఏమైంది మామయ్యా?" అంది వంటింట్లో.

మామగారు అటూ ఇటూ చూశారు. కుళాయి తిప్పి, నోట్లో చెయ్యి పెట్టి, పైవరసా కిందివరసా మొత్తం తీసి శుభ్రంగా కడుక్కున్నారు. కోడలి చేతిలో గరిటె జారి కిందపడింది. ఆ పళ్లతోనే ఆయన నిన్న చెరుకు ముక్క కొరికి అందరికీ చూపించారు మరి.

"పెళ్లయిన కొత్తలోనే మోటారుసైకిలు మీంచి పడ్డానమ్మా," అన్నారు పళ్లు పెట్టుకుని. "నేను పోస్టాఫీసు కౌంటర్లో ఉండేవాణ్ని. మూతి మూసుకుని ఇంట్లో కూర్చున్నా. మీ అత్తయ్య అప్పుడే ఈ పని నేర్చుకుంటోంది. మొట్టమొదట చేసినవి నా పళ్లే. నేను మాట్లాడితే వీధికుక్క ఎవరో పిలిచారనుకుని లోపలికొచ్చేది. సిగ్గుతో చచ్చిపోయి, సైగలు తప్ప మాటే మానేశా."

"తర్వాత?"

"స అంటే ఈల, ట అంటే నాలుక జారడం. ఆ రెండే నాకు గండాలు. అవి రెండూ ఉన్న చిన్న మాట ఏదా అని వెతికింది. దొరికింది. కాఫీ ఇస్తే సెట్టా, దుప్పటి కప్పితే సెట్టా, అలిగితే సెట్టా. ఒక్క మాట చాలు, ఇంకేం మాట్లాడొద్దంది. ఒక్క మాటే పలికేవాడికి అన్ని అర్థాలూ ఆ మాటలోనే ఇరికించాలి కదమ్మా! నేనొక్కణ్నే అంటే నవ్వుతారని తనూ అనడం మొదలెట్టింది. కూరగాయలవాళ్లతో, పక్కింటివాళ్లతో, అందరితోనూ. నాకు మాట తిరిగి వచ్చాక మానేస్తుందనుకున్నా. అప్పటికే డాక్టర్లు నాలాంటి మూగనోళ్లని పంపడం మొదలెట్టారు."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు మామయ్యా?"

"నా పళ్ల సంగతి కోడలికి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది నేనేనమ్మా."

కోడలు గరిటె తీసి పక్కన పెట్టింది. ముందుగదిలోకి వెళ్లి అత్తగారి ముందు స్కూటర్ హెల్మెట్ పెట్టింది. "లేవండత్తయ్యా. ఆకురాయి తీసుకోండి. మీ మాట మీకు తిరిగి ఇచ్చేస్తున్నా."

"మాటిచ్చాను కదే..."

"నేనే అనమనేదాకా అన్నారుగా? అనమంటున్నా. ఎంత కావాలంటే అంత అనండి."

ఇద్దరూ స్కూటర్ మీద పెద్దాయన ఇంటికి వెళ్లేసరికి, ఆయన వీళ్లని చూసి లోపలి గదిలోకి పోబోయాడు. కోడలు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చుంది. కాపురానికి వచ్చిన రోజు 'అంటే ఎంత?' అని నిలదీసిన మాటే, మొదటిసారి నోరారా అంది: "కుర్చీ ఇక్కడ సెట్టా బాబాయిగారూ?"

ఆయన చెయ్యి ఊపాడు. "చెయ్యి ఊపితే నాకు తెలీదండీ. సెట్టా, కాదా?" అంది. ఆయన చూపు తిప్పుకున్నాడు. "అయితే తీయను," అంది ఆమె.

చివరికి, కుర్చీ తీస్తుందేమోనన్న ఆశతో, "ఛెత్," అన్నాడాయన. సన్నటి ఈల కూడా వచ్చింది. ఎవరూ నవ్వలేదు. భార్య అయితే కొంగు నోట్లో కుక్కుకుంది.

అత్తగారు చటుక్కున ముందుకొంగి, ఆయన సెట్టు తీయించి, పై ముందుపళ్ల వెనక ఆకురాయి మెత్తగా తాకించింది. పెట్టించింది. "ఫ్యాను సెట్టా?" "ఛెట్." మళ్లీ తీయించింది. "దిండు సెట్టా?" "చ్సెట్." ఇద్దరాడవాళ్లూ ఆ ఇంట్లో వస్తువు వస్తువుకీ ఆయన్ని సాక్ష్యం అడిగారు. కిటికీ, గొడుగు, కుండీలో మొక్క, భార్య చీర రంగు. విసుగు పుట్టిన పెద్దాయన సాయంత్రానికి గోడమీది గడియారం వంక చూసి, "సెట్! సెట్! అన్నీ సెట్టే! ఇంక నన్నొదిలెయ్యండి తల్లీ!" అని అరిచాడు. గోడకి తగిలించిన అద్దం ఊగింది. తన గొంతు తనకే వినబడి, నోటి మీదికి వెళ్లబోయిన రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నే అత్తాకోడళ్లు మార్కెట్ బయట స్కూటర్ ఆపుకుని చెవులు రిక్కించారు. పీటెక్కిన పెద్దాయన ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ వెంటనే "ఒకటోసారి!" అన్న కేక బంతిపూల బుట్టల మీదుగా బయటికొచ్చింది. ఈల లేదు. "రెండోసారి!" అనేసరికి రోడ్డు మీద బస్సు బ్రేకు పడింది.

వారం తిరక్కుండానే ఆయన భార్య ల్యాబుకి వచ్చింది. చేతిలో పూలబుట్ట ఉంది, ముఖంలో నీరసం ఉంది. బుట్ట బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది: "అమ్మా, మీ మేలు మర్చిపోను. కానీ ఆ మనిషి తినేటప్పుడు మాట్లాడుతున్నాడు, స్నానంలో మాట్లాడుతున్నాడు, నిద్రలో కూడా పూలు అమ్ముతున్నాడు. ఆ పళ్లకి సౌండు తగ్గించే మర లాంటిదేదైనా పెట్టడానికి వీలవుతుందా?"

లోపలి గదిలోంచి మామగారి గొంతు పేపరులో నాలుగో పేజీ దగ్గరుంది. వాతావరణం మీద ఉపన్యాసం జోరుగా సాగుతోంది. అత్తగారు అటు చూసి నిట్టూర్చింది.

"అలాంటి మరే ఉంటే, ముందు మా ఇంట్లో పెట్టుకోనా తల్లీ!"