గుమ్మడికాయ వేపుడు

బోధన్ బస్సులో పక్క సీటు అవ్వ టిఫిన్ డబ్బా తెరిచింది. అందులో బెల్లం, కారం పట్టించి ఎర్రగా వేయించిన గుమ్మడికాయ ముక్కలున్నాయి. ఒకటి నా చేతిలో పెట్టింది.

“ఉప్పు సరిపోయిందా సూడు బిడ్డా. గొంతు క్యాన్సరుకు దవఖానల రేడియేషన్ కరెంటు పెట్టిచ్చినంక నా నాలికెకు రుచి తెలుస్తలేదు.”

నోట్లో వేసుకోగానే అదిరిపడ్డాను. ఉప్పు కషాయం! బెల్లం జాడే తెలియలేదు.

“ఉప్పు మస్తు ఎక్కువైందవ్వా. ఇంట్ల ఎవ్వరు చెప్పలేదా?”

ఆమె ముఖం తెల్లబోయింది.

“రోజు గింతే ఏస్తున్న గదా! మా కోడలైతే మల్లోసారి అడిగి పెట్టిచ్చుకుంటది...”

బోధన్ వచ్చేదాకా ఆమె డబ్బా మూత పెట్టనేలేదు.

ఇప్పటికీ నా వంటను ఎవరైనా మళ్లీ వడ్డించమంటే, ముందు నేను రుచి చూసుకుంటాను.