నిండు గ్లాసు బాబాయ్

బాబాయ్‌కి ఈ లోకంలో శత్రువంటూ ఉంటే అది అదురొక్కటే. తన రికార్డు ప్లేయరుకి ఏ మూలనుంచి కాస్త అదురు తగిలినా ప్రాణం గిలగిల్లాడిపోయేది. పోస్టాఫీసులో జీవితమంతా దబదబా ముద్రలు బాదిన మనిషికి, రిటైరయ్యాక ఈ పిచ్చేమిటో పిన్నికి అంతుబట్టలేదు.

ప్లేయరు పక్కన, అదే స్టాండు మీద, అంచుదాకా నీళ్లు నింపిన గాజుగ్లాసు ఉండేది. నీళ్లు కదిలాయా, "ఎవరది?" అని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఆ అరుపుకి నీళ్లు మళ్లీ కదిలేవి.

"నేనేనండీ, నడుస్తున్నాను," అనేది పిన్ని.

"నడిస్తే నడువు గానీ, మడమలు ఆనించకు!"

అప్పట్నుంచీ పిన్ని తనింట్లో తనే దొంగలా మునివేళ్ల మీద తిరిగేది. ఆవిడ కొత్త రబ్బరు చెప్పులు ముక్కలై ప్లేయరు కాళ్ల కిందికి చేరాయి. స్నానాలగదిలో రబ్బరు పట్టా స్పీకర్ల కిందికి పోయింది. పట్టా లేక పిన్ని జారి పడబోతే, "జాగ్రత్త! పడ్డావంటే ఇల్లంతా అదురుతుంది," అన్నాడు మహానుభావుడు.

అలాంటి ఇంటి పైవాటాలోకి టైలరమ్మాయి మోటారు మిషనుతో సహా దిగింది. మిషను మొదలెట్టిందంటే కింద గ్లాసులో నీళ్లు తుళ్లిపడేవి. ఆ సంగతి ఇంటి ఓనరు చెవిన పడింది. ఆయనకి అసలే గోడలంటే ప్రాణం.

"ఆదివారం వచ్చి చూస్తా. కింద అదురు తెలిసిందా, వెంటనే ఖాళీ చెయ్యాల్సిందే," అని తేల్చేశాడు.

ఆ పిల్లకి మిషనే ఆధారం. పిన్ని మునివేళ్ల మీదే బాబాయ్ దగ్గరికెళ్లింది.

"ఏమండీ, ఆ ఒక్కరోజూ గ్లాసు తీసెయ్యరాదూ?"

"నా గ్లాసు తీసే ప్రసక్తే లేదు!" అని బాబాయ్ బరువైన సంచీ భుజాన వేసుకుని విసవిసా మేడెక్కాడు. పిల్లని దులిపేసి వస్తాడని పిన్ని హడలిపోయింది. పైన ఏదో ఈడ్చిన చప్పుడైంది.

"మూలకి జరుపు! నట్టనడుమ పెడితే నేలంతా ఊగదూ?" అన్న కేక వినిపించింది.

ఆదివారం ఓనరు వచ్చాడు. బాబాయ్ గ్లాసు నింపి, "ఇదిగో సాక్షి, చూసుకోండి," అన్నాడు. పిన్ని కళ్లు మూసుకుంది. ఓనరు గ్లాసులోకి దూరినంత పని చేశాడు. నీళ్లు కదల్లేదు.

"ముందు మిషను మొదలెట్టమనండి," అన్నాడు.

బాబాయ్ కిటికీ దగ్గరికెళ్లి, "అమ్మాయ్, మొదలెట్టూ!" అని కేకేశాడు.

"ఎప్పుడో మొదలెట్టాను బాబాయ్ గారూ! చొక్కాకి ఒక చెయ్యి కుట్టేశాను కూడా!"

నీళ్లు కదిలింది బాబాయ్ కేకకే. ఓనరు తెల్లమొహం వేసి, "అయితే ఉండమనండి," అన్నాడు. పిన్ని చప్పట్లు కొట్టింది. టైలరమ్మాయి పరుగున దిగొచ్చి బాబాయ్ చేతులు పట్టుకుని ఊపేసింది. ఆ అదురుకి మాత్రం ఆయన ఏమీ అనలేదు.

అందరూ వెళ్లాక పిన్ని సంబరంగా రికార్డు పెట్టింది. రెండడుగులు వేసిందో లేదో, ముల్లు ఎగిరి పాటలో ఒక ముక్క మింగేసింది. అనుమానమొచ్చి వంగి చూసింది. ప్లేయరు కింద, స్పీకర్ల కింద రబ్బరు పీలిక కూడా లేదు. అంతా ఆ రోజు సంచీలో మేడెక్కి మిషను కాళ్ల కిందికి పోయింది.

"అయ్యో, మీ పాట ఎగిరిపోతోందండీ!"

"పోనీవే! ఎగిరిన ముక్క నేను పాడుకుంటా."

పిన్నికి ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఎన్నాళ్లకో మడమలు గట్టిగా ఆనించి, వంటింటిదాకా దబదబా నడిచింది. పాట ఎగిరింది. బాబాయ్ అందుకున్నాడు. ఆ గొంతుకి గ్లాసులో నీళ్లన్నీ ఒలికిపోయాయి.