ఫిల్ములో మా ఇంటాయన

ఆ రోజు టెక్కలిలో బస్సెక్కిన ఒకామె, ఒళ్లో పెద్ద స్కానింగు కవరు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. ఒంట్లో బాగోలేదా అని అడిగాను.

“నాకేటీ నేదమ్మా. ఇది మా ఇంటాయన తల,” అంటూ ఒక ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుంది.

ఆయన చేపల వేటకు వెళ్లి సముద్రంలో తప్పిపోయాడట. చాలాకాలానికి ఒడ్డుకు ఒక పుర్రె కొట్టుకొచ్చింది. అది ఎవరిదో ఎవరూ చెప్పలేకపోయారు. ఎప్పుడో పడవ కొయ్య తగిలినప్పుడు ఆయన తలకు తీయించిన స్కానింగు ఆమె దగ్గర భద్రంగా ఉంది. డాక్టర్లు ఆ పుర్రెకు కూడా స్కానింగు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు.

“ఇక్కడ సూడమ్మా,” అని కనుబొమల పైన ఎముకలో ఉన్న నల్లటి గూళ్లను వేలితో చూపించింది. “ఇయ్యి ఒకలికున్నట్టు ఇంకొకలికుండవంట. రెండింటిలోనూ ఒకేలాగున్నాయని సెప్పినారు. మా ఆయనేనమ్మా. ఇంటికొచ్చీసినాడు.”

“ఇప్పుడేం చేస్తారమ్మా?” అన్నాను.

“రేపు కర్మ సేత్తాం. ఆయనొత్తాడేమోనని ఇన్నాళ్లూ రాత్రుళ్లు తలుపు గడియెట్టలేదు. ఈయేళ గడియెట్టుకుని పడుకుంటాను.”

ఫిల్మును కవరులో పెట్టి, నా భుజం మీదికి ఒరిగి హాయిగా నిద్రపోయింది. పలాస వచ్చాక, బస్సులో అందరూ దిగేదాకా నేను కదలకుండా కూర్చున్నాను.