ఎలుకల కోసం దువా చేసిన ఖాలా

మొన్న శుక్రవారం పొద్దున మా కింది వాటాలో ఉండే ఖాలా చనిపోయారు. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని; ఆమెను నేను అలాగే పిలిచేదాన్ని. ల్యాబుకు బయలుదేరి మెట్లు దిగుతుంటే, ఆమె చెల్లెలు గుమ్మంలో నిలబడి "ఇగ లేదు బేటీ" అన్నారు. భుజాన సంచీ అలాగే ఉంచుకుని, ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.

శంషాబాద్ పక్కన సాతంరాయిలో ఆమె ఇంటి పై గదిలో కిరాయికి ఉంటున్నాను. మాది తెనాలి వైపు. ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు తక్కువ. ఖాలాకు భర్త పోయారు, పిల్లలు లేరు. ఏళ్ల తరబడి ఉన్న షుగర్ ముందు చూపును మసకబార్చింది, తర్వాత కిడ్నీలను తినేసింది. డయాలసిస్‌కు ఆటోలో ఒక్కరే వెళ్ళి వచ్చేవారు. సెలవు రోజైతే నేను తోడు వెళ్ళేదాన్ని.

"సుయ్యి గుచ్చితె నేను భయపడ బేటీ. పక్కన మాట్లాడెటోళ్ళు లేకుంటెనే పరేషాన్ అయితది" అనేవారు.

నీళ్ళు ఎక్కువ తాగకూడదు కనుక రోజుకు సరిపడా పొద్దున్నే సీసాలో పోసుకుని, గుక్కెడు గుక్కెడు తాగేవారు. నాకు మాత్రం కప్పు నిండా చాయ్ పోసి ఎదురుగా కూర్చునేవారు. "నువ్వు తాగుతుంటే చూస్తే నాకు సగం దూప తీరుతది."

నీ పని ఏందని ఒకసారి అడిగారు. రక్తంలో ఒక చిన్న పెప్టైడ్, అంటే ప్రోటీన్ తునక, షుగర్ ఉన్నవాళ్ళలో మితిమీరితే రక్తనాళాలను బిగించి కిడ్నీలనూ గుండెనూ దెబ్బతీస్తుందని, దాన్ని కత్తిరించే ఎంజైమును ఎలుకలకు ఇచ్చి చూస్తున్నామని చెప్పాను.

"గా మందు నాకియ్యరాదా?"

"మనుషులకు ఇంకా ఇవ్వట్లేదు ఖాలా. ఇచ్చినా, కిడ్నీలు పూర్తిగా పోకముందే ఇవ్వాలి."

పైన విమానం దిగుతున్న మోత తగ్గేదాకా ఆమె ఆగారు. "అయితే నాకు కాదు. నా ఎనుకొచ్చేటోళ్ళకు. జర జల్ది చెయ్యి."

కొన్నాళ్ళకు ఎంజైము ఇచ్చిన ఎలుకల మూత్రంలో ప్రోటీన్ పోవడం తగ్గింది, అంటే కిడ్నీలు కుదుటపడుతున్నట్టే. ఆ సాయంత్రం వచ్చి ఆమెకే చెప్పాను. చెప్పుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు కూడా. ఖాలా నా రెండు చేతులూ పట్టుకున్నారు. వాటిని వదలకుండానే అడిగారు.

"మరి గా ఎలుకలు?"

"కిడ్నీలు తీసి చూడాలి కదా. బతకవు."

ఆమె ముఖం చిన్నబోయింది. "వాటి కోసం అల్లాను అడిగేటోళ్ళు ఎవరుంటరు? నేనడుగుత."

అప్పటినుంచి నమాజు అయ్యాక ఎలుకల కోసం కూడా దువా చేసేవారు. ల్యాబులో పంజరం తెరిచినప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చి నా చెయ్యి నెమ్మదించేది.

చివరి వారాల్లో గుండె కూడా అలసిపోయింది. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవారు. మా ఎంజైము ఇంకా ఎలుకల దగ్గరే ఉంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే జనాజా, ఆమె పాడె, లేచింది. ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు వెళ్ళరు కనుక మేం ఇంట్లో ఆగిపోయాం. నేను డాబా ఎక్కి చూశాను. మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ గల్లీ చివర మలుపు తిరిగారు. భుజం ఇచ్చి వెనకబడ్డ ఒక ముసలాయన మాత్రం ఎండలో, గోడ పట్టుకుని, మెల్లగా వాళ్ళ వెంట నడుస్తున్నాడు. 'నా ఎనుకొచ్చేటోళ్ళకు' అన్న ఖాలా మాట గుర్తొచ్చింది.