బంతి అప్పగించే మనిషి

నసారియో కిరోగా బేస్‌బాల్ పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. మెక్సికో ఉత్తరాన అతను చొక్కా తొడగని జట్టంటూ లేదు. ఏ జట్టని అడగడం భార్య ఎప్పుడో మానేసింది, "ఈసారి ఏ రంగు?" అంటుందంతే. నిలబడి బంతి విసిరే మట్టి దిబ్బ ఎక్కబోతూ మైదానం అంచున సున్నపు గీత తొక్కడు, గంతేసి దాటుతాడు. ప్రతి బంతికీ ముందు టోపీ తీసి, బట్టతల తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంటాడు. ఆట నడిమధ్య వచ్చి, నడిమధ్యే వెళ్లిపోవడం అతని బతుకు. మేనేజర్ దిబ్బకేసి నడిచొచ్చాడంటే బంతి ఆయనకిచ్చి దిగిపోవాలి. ఇచ్చీ ఇచ్చీ అదే అలవాటైపోయింది.

ఆ ఆదివారం ఒక్క పరుగు ముందున్నారు, ఇంకొక్క బ్యాటర్ ఔటైతే గెలుపే. ఓడితే ఆ ఏటికి జట్టు ఇంటికే. మేనేజర్ డాన్ చేమా లేచి వచ్చాడు. ఆయన నోరు విప్పేలోపే నసారియో బంతి ఆయన చేతిలో పెట్టేసి, గీత దాటి, బెంచీ దాకా వెళ్లిపోయాడు.

"ఎక్కడికిరా పోతున్నావ్? వీణ్ణీ నువ్వే చూసుకోమని చెప్దామని వస్తే!" అని అరిచాడు డాన్ చేమా.

"నీ బస్సింకా రాలేదులే నసారియో, వెనక్కెళ్లు!" అంది మెట్ల మీద మొక్కజొన్న పొత్తులమ్మే చాయో. స్టేడియమంతా గొల్లుమంది.

అతనూ నవ్వేసి, గీత మీంచి మళ్లీ గంతేసి వచ్చి, బంతి వెనక్కి తీసుకున్నాడు. టోపీ తీశాడు, తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, విసిరాడు. బ్యాటర్ కొట్టిన బంతి సూటిగా తిరిగొచ్చి, నేలను తాకకుండానే నసారియో చేతికి చిక్కింది. ఆట అయిపోయింది. జట్టంతా మీదపడి కావలించుకుంటుంటే, అతను బంతి పట్టుకున్న చెయ్యి ముందుకు చాచి దిక్కులు చూస్తున్నాడు, ఎవరికివ్వాలో తెలియక.