గంగులప్పన్నకు నేను రైట్ చెప్పని రోజు

జబ్బకు చుట్టిన పట్టీ బుస్సుమంటూ బిగుసుకుంటుంటే వేళ్ల చివర్లు మొద్దుబారాయి. డిపోలో వైద్య పరీక్షల రోజది. "బీపీ ఇంకా కొంచెం ఎక్కువే ఉండాదమ్మా, బరువు తగ్గల్ల" అన్నాడు పరీక్ష చేసినతను. వెనక బెంచీ మీద నుంచి ఎవరో వెంటనే సలహా పారేశారు: "వారం దినాలు తిండి మానెయ్ అక్కా, అదే దిగుతాది." నాకు ఒళ్లు మండిపోయింది. ఈ సలహానే ఒకప్పుడు గంగులప్పన్నను చంపబోయింది. ఆయనతోపాటు ఒక బస్సు జనాన్ని కూడా.

గంగులప్పన్న మదనపల్లె–కుప్పం బస్సు డ్రైవరు. నేను కండక్టరుగా చేరిన కొత్తలో ఆయన బండికే వేశారు. ఒకరోజు పుంగనూరులో ఎక్కిన తాగుబోతు టికెట్టు తీసుకోమంటే నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని వెనక సీటు దగ్గరికి పోయి ఏడుస్తున్నాను. ఆయన బండి పక్కకు ఆపి వచ్చి, వాణ్ణి కాదు, నన్ను తిట్టాడు. "ఏడిస్తే వాడు దిగతాడామ్మా? గట్టిగా అరువు. నువ్వు రైట్ చెప్పనిదే బండి అంగుళం కదిలేది ల్యా. ఈడ పెత్తనం నీది." అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. వాడు దిగిపోయాక గాని రైట్ అనలేదు. ఆ తర్వాత నేను ఎవరి ముందూ తలవంచుకుని టికెట్టు కొట్టలేదు.

ఆయనది భారీ ఒళ్లు, పొట్ట స్టీరింగుకు తగిలేది. రాగి సంగటి మంచిదని రెండు ముద్దలు లాగించేవాడు, అందులోకి ఊరగాయ, అప్పడాలు. ఎంత ఉప్పు లోపలికి పోతోందో ఎవరు చూశారు! బీపీకి డాక్టర్లు మాత్రలు రాశారు. వచ్చే పరీక్షకు బీపీ దిగకపోతే స్టీరింగు ఎక్కనిచ్చేది లేదని పైవాళ్లు చెప్పేశారు. ఇక చూడాలి, విశ్రాంతి గదిలో వైద్యులకు కొదవా? ఒకడు తిండి మానమన్నాడు. ఒకడు ఒంట్లో నీళ్లు లాగేసే మాత్రలు తెచ్చిచ్చాడు. ఇంకో ఘనుడు, "ఆ బీపీ మాత్ర మానెయ్ అప్పా, దాంతోనే నీకు ఒళ్లొస్తాండాది" అన్నాడు. ఎవరి మాటా వినని మనిషి ఈ చెత్తంతా విన్నాడు. స్టీరింగు పోతుందన్న భయం అంతటిది.

పరీక్షకు ముందు ఒకరోజు పుంగనూరు దాటి పలమనేరు దారిలో పోతున్నాం. బస్సు నిండా జనం. ఉన్నట్టుండి బండి రోడ్డు దిగి మట్టిలోకి ఒరిగింది. బ్రేకు పడింది. ముందుకు పరిగెత్తి చూస్తే ఆయన స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది. "యాల నిలిపినారు? కుప్పంలో రైలు పట్టుకోవల్ల మేము" అని జనం కేకలు. కాసిని నీళ్లు తాగి ఆయన తల ఎత్తాడు.

"ఏం ల్యామ్మా, తల తిరిగింది, అంతే. రైట్ చెప్పు."

"చెప్పను."

"పరీక్ష దగ్గరకొచ్చింది. ఈ మాట డిపోలో తెలిస్తే నా బతుకు పోతాది."

"తెలియనీ! మూడు దినాలు కడుపు మాడ్చుకొని, మాత్ర మానేసి ఇంతమందిని ఎక్కించుకుంటావా? వీళ్ల బతుకులో? నేను చెప్పనన్నా!"

ఆయన నాకు నేర్పిన గొంతుతోనే ఆయన మీద అరిచాను. ఆయన ఇంజను ఆపేశాడు. తర్వాత తాళం తీసి నా చేతిలో పెట్టాడు. జనాన్ని వెనక వచ్చిన బస్సు ఎక్కించి, ఆయనను ఆటోలో పలమనేరు ఆస్పత్రికి తీసుకుపోయాను.

"నీళ్లు పోతే బరువు దిగినట్టు కనపడతాది పెద్దాయనా, కొవ్వు దిగదు" అని డాక్టరమ్మ దులిపేసింది. "మాత్ర మీ అంతట మీరు మానకూడదు. ఉప్పు తగ్గించండి, నడవండి, వేళకు తినండి. నెలకు ఒకటి రెండు కిలోలు దిగితే చాలు. బరువు తగ్గినాక మాత్ర తగ్గించాల్నా వద్దా నేను చూస్తా."

డిపోలో విషయం ఆయనే చెప్పుకున్నాడు. నెలల తరబడి స్టీరింగు లేదు, గ్యారేజీలో టైర్లకు గాలి చూసే పని. సలహాలిచ్చిన మహానుభావుల్లో ఒక్కడైనా ఆస్పత్రి గడప తొక్కితే ఒట్టు. వాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. ఆయన మాత్రం రోజూ ఇంటి నుంచి డిపోకు నడిచాడు. ఒక ముద్ద సంగటి, ఆకుకూర, ఉప్పు వేయని మజ్జిగ. ఊరగాయ జాడీ చెల్లెలింటికి పంపేశాడు. మాత్ర ఒక్క పూట తప్పలేదు. నెలనెలా డాక్టరమ్మ దగ్గరికి పోయేవాడు. "ఏమప్పా చిక్కిపోయినావు, షుగరా?" అని ఆ సలహాలిచ్చినవాళ్లే మళ్లీ పరామర్శలు. "ల్యా, బుద్ధొచ్చింది" అనేవాడు.

చివరికి డాక్టర్లు సరేనన్నారు. మళ్లీ స్టీరింగు ఎక్కిన రోజు ఇంజను వేసి, నేను నోరు తెరవకముందే వెనక్కి తిరిగాడు.

"అడగమ్మా."

"మాత్ర?"

"ఏసుకున్నా."

"తిన్నావా?"

"రెండు ఇడ్లీ."

అప్పుడు అన్నాను రైట్. రిటైరయ్యేదాకా అదే మా వరస. బతికే ఉన్నాడు, సోమల ఊరి దగ్గర సొంత పొలంలో టమోటా పండిస్తున్నాడు.

ఇప్పుడు నా వెంట వచ్చేవాళ్లంతా కుర్ర డ్రైవర్లు. సగం మందికి అప్పుడే బీపీ. నా మాత్ర నేను వేసుకుని, తిని వచ్చి, వాళ్లను అడుగుతాను. "నువ్వు కండక్టరా, నర్సమ్మా?" అని విసుక్కుంటారు. నాకు గయ్యాళి అని పేరు కూడా పెట్టారు. పెట్టుకోనీ.

"టైమైందక్కా, రైట్ చెప్పు" అంటారు.

చెప్పను. ముందు మాత్ర వేసుకో.